కుక్కను పెంచుటకు మనము సిద్ధముగా ఉన్నామా? – ఒక పరిశీలన

తెలుగున కుక్కకు 'గ్రామసింహము' అను పరిహాస నామము కలదు. 'విశ్వాసము' అను మాట వినగానే మనకు ముందుగా స్ఫురించునది కుక్కయే. ఉర్దూలో 'వఫాదారీ' అన్నను అదియే స్ఫురించును. అయినను ఈ రెండు భాషలలోను ఒకనిని తిట్టవలసి వచ్చినప్పుడు తొందరగా నోటికి వచ్చు మాటయు కుక్కయే. ఒకే జంతువుమీద ఇంత ప్రేమయు, ఇంత ఏవగింపును ఏల కలిగినవి? దాని స్వభావమును చూచి ప్రేమ కలిగినది. దాని మాలిన్యమును చూచి ఏవగింపు కలిగినది. కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకొనువారు మొదటిదానిని మాత్రమే తెచ్చుకొనుచున్నామని తలంతురు. కాని రెండవదియు దాని వెంటనే గుమ్మము దాటి లోనికి వచ్చును.

కుక్కల జాతులను గూర్చియు, అందచందములను గూర్చియు చెప్పు పుస్తకములు చాల కలవు. మలమూత్రములు, వాంతులు, వెంట్రుకలు, పిడుదులు, రోగములు, వార్ధక్యము – వీనిని గూర్చి కుక్కను తెచ్చుకొనక ముందే ఆలోచించువారు తక్కువ. కావున ఈ వ్యాసమున మేము ఆ రెండవ పక్షమునే పరిశీలింపదలచితిమి. మా అభిప్రాయమును మొదటనే చెప్పుదుము: కుక్కను పెంచుటకు అర్హత ప్రేమ కాదు, ప్రతిదినము, ఎవరిని పిలువక, తన చేతితో శుభ్రము చేయగల ఓర్పు.

1. ఒక చిన్న లెక్క

కుక్క ఆయుర్దాయము జాతిని బట్టి మారును. సగటున పది మొదలు పదుమూడు సంవత్సరములని చెప్పవచ్చును. పండ్రెండు సంవత్సరములని అనుకొందము. పండ్రెండేండ్లకు 4,380 దినములు. ఆరోగ్యముగా నున్న కుక్క దినమునకు రెండుసార్లు మలవిసర్జనము చేయునని తీసికొన్నను మొత్తము 8,760 సార్లు. నడిపించుటకు, తిండి పెట్టుటకు, శుభ్రము చేయుటకు దినమునకు గంటన్నర చొప్పున 6,570 గంటలు. ఈ లెక్కలో జబ్బు దినములు చేరలేదు.

పందొమ్మిదేండ్ల విద్యార్థి నేడు కుక్కపిల్లను తెచ్చినచో అది ముసలిదగునప్పటికి అతనికి ముప్పది యొకటి. ఈ నడుమ పరీక్షలు, ఉద్యోగము, బదిలీ, వివాహము అన్నియు వచ్చును. మన పట్టణములనుండి ఎందరో యువకులు గల్ఫు దేశములకును, అమెరికాకును పోవుచున్నారు. కుమారుడు విమానమెక్కును, కుక్క అరువది యేండ్ల తల్లిదండ్రుల చేతిలో మిగులును. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగి, గొలుసు పట్టుకొని వీధిలోనికి పోవలసినది ఆ తల్లి. కావున 'నాకు కుక్క కావలెనా?' అను ప్రశ్న చాలదు. 'పండ్రెండేండ్లలో ఏ దినమున ఎవరు శుభ్రము చేయుదురు?' అని అడుగవలెను.

2. మొదటి ఆరు నెలలు

రెండు నెలల కుక్కపిల్లకు మూత్రమును ఆపుకొను శక్తి మిక్కిలి తక్కువ. ఎన్ని నెలల వయసో అన్ని గంటలు, మహా అయిన మరియొక గంట మాత్రమే పగటివేళ ఆగగలదని పెంపకందార్లు లెక్క చెప్పుదురు. నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే, ఆడుకొన్న వెంటనే అది మూత్రము పోయును. ఆ మూడు వేళలలో దానిని బయటకు తీసికొనిపోయి, పని ముగిసిన పిదప మెచ్చుకొన్నచో కొలది నెలలలో నేర్చుకొనును. రాత్రి నడుమను లేవవలసి వచ్చును. పరుపుమీదను, చాపమీదను, చదువుకొను పుస్తకముమీదను పోయుట సామాన్యము.

కోపమున కొందరు దాని ముక్కును మూత్రములో రుద్దుదురు, కొట్టుదురు. దీనివలన అది నేర్చుకొనునది ఒక్కటే: మనుష్యుని యెదుట పోయరాదు, మంచము క్రింద దాగి పోయవలెను. ఏ తప్పును చేయని తన పిల్లను కొట్టిరని సరమ అను దేవశునకము జనమేజయుని యెదుట నిలిచి అడిగిన కథ నన్నయ భారతమున ఆదిపర్వములోనే కలదు. కుక్కపిల్ల చేయునది తప్పు కాదు, వయసు. ఆ వయసును కడిగి తుడుచు ఓర్పు మనకు లేనిచో లోపము మనదే.

తుడుచుటలోను విధానము కలదు. తడిని ముందు పాత గుడ్డతోనో పాత పత్రికలతోనో పీల్చివేసి, సబ్బునీటితో కడిగి, బాగుగ ఆరనీయవలెను. వాసన మిగిలినచో కుక్క మరల అచ్చటికే వచ్చును. మూత్రమున అమ్మోనియా కలదు గనుక అమ్మోనియా గల మందులు ఆ వాసననే పెంచును. ఫినాయిల్ చల్లిన నేల ఆరక ముందే కుక్కను రానీయరాదు. అది పాదములు నాకుకొను జంతువు. బ్లీచింగ్ పౌడరును ఆసిడ్‌తో గాని ఇతర మందులతో గాని కలుపుట మనుష్యులకే అపాయము.

3. కంటికి కనబడని మాలిన్యము

కంటికి కనబడు మురికి అసహ్యము మాత్రమే. కనబడనిది అపాయము. అందు నాలుగింటిని ముఖ్యముగ తెలిసికొనవలెను.

మొదటిది ఏలికపాములు. ఇవి తల్లి గర్భమునందే పిల్లకు సంక్రమించును. పాల ద్వారా కూడ వచ్చును. కావున చూచుటకు బొద్దుగానున్న పిల్లకును పురుగుల మందు అవసరము. ఈ పురుగుల గ్రుడ్లు మలముతో బయటపడును. పడిన వెంటనే అవి అంటవు. మట్టిలో కొన్ని వారములు ఉన్న పిదపనే అంటు శక్తి పొందును. మట్టిలో ఆడు పిల్లల చేతులనుండి నోటిలోనికి పోయినచో ఆ పురుగు పిల్లలు కాలేయము, ఊపిరితిత్తులు, అరుదుగా కన్ను వరకు పోవును. ఈ ఒక్క విషయము తెలిసిన చాలు, మలమును ఏనాటికానాడు ఎత్తవలెననుటకు కారణము అర్థమగును. నేడు ఎత్తినది చెత్త. నెల విడిచినది రోగము.

రెండవది పార్వో వ్యాధి. 1978 ప్రాంతమున ప్రపంచమున తొలిసారిగ గుర్తింపబడినది. వాంతులు, రక్తపు విరేచనములు కలిగి, టీకా లేని పిల్లలు కొలది దినములలోనే చనిపోవుట కలదు. దీని క్రిములు నేలమీద నెలల తరబడి నిలుచును. సామాన్యమైన సబ్బునకు చావవు. బ్లీచింగ్ ద్రావణము కావలెను. ఇది మనుష్యులకు అంటదు. కాని ఒక పిల్ల ఈ జబ్బుతో పోయిన యింటికి వెంటనే మరియొక పిల్లను తెచ్చుట దానిని మృత్యువునకు అప్పగించుటయే. ఆరు మొదలు ఎనిమిది వారముల వయసున టీకాలు మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండు వరకు పశువైద్యుడు చెప్పిన తేదీలలో వేయించుట దీనికి రక్ష.

మూడవది పిడుదులు. కొన్ని ప్రాంతముల వీనినే గోమార్లందురు. నెత్తురు త్రాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్కనుండి రాలి, గోడ పగుళ్లలో చేరి వేలకొలది గ్రుడ్లు పెట్టును. కావున కుక్కకు మాత్రమే మందు వేసి గోడను మరచినచో ప్రయోజనము లేదు. వీనివలన కుక్కలకు వచ్చు జ్వరము మన ఉష్ణప్రాంతమున సామాన్యము, ఆలస్యమైనచో ప్రాణాంతకము. చెవులలోను, వ్రేళ్ల సందులలోను ప్రతిదినము వెదకి తీయవలెను. ఆ పని చేయుటకు చేయి రాని వారు కుక్కను కోరరాదు.

నాలుగవది రేబిస్. లక్షణములు బయటపడిన పిదప ఈ వ్యాధినుండి బ్రతుకుట దాదాపు లేదు. 1885లో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు టీకా వేసి రక్షించినది మొదలు ఈ వ్యాధి నివారింపదగినదైనది. మన దేశమున నీలగిరులలోని కూనూరున పాశ్చర్ సంస్థ 1907లో ఏర్పడినది. బొడ్డు చుట్టు పదునాలుగు ఇంజక్షనులను భయము ఇప్పటికిని పెద్దలలో కలదు. గొఱ్ఱె మెదడునుండి తయారైన ఆ పాత టీకా మన దేశమున 2005 నాటికి నిలిచిపోయినది. ఇప్పటి టీకాను కొలది మోతాదులుగ భుజమునకు వేయుదురు.

'కుక్క కాటుకు చెప్పు దెబ్బ' అని సామెత. కాటుకు కావలసినది చెప్పు కాదు, సబ్బు. కాటు పడిన వెంటనే పదునైదు నిమిషములపాటు పారు నీటిక్రింద సబ్బుతో గాయమును కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, కాఫీపొడి, పసరు పూయరాదు. 'మన కుక్కయే గదా' అని ఊరకుండరాదు. పెంపుడు కుక్కకు మూడు నెలల వయసున మొదటి రేబిస్ టీకాను, పిదప వైద్యుని సలహా ప్రకారము మరల మరల వేయించుట యజమాని ధర్మము. ఈ ధర్మమును మరచినవాడు తన యింటికే కాక వీధి అంతటికిని అపాయము తెచ్చును.

4. వంటిల్లు, వెంట్రుకలు, ఋతుకాలము

మిగిలిన కూర అన్నము కుక్కకు వేయుట మన అలవాటు. మన కూరలలో ఉల్లి, వెల్లుల్లి లేనిది అరుదు. ఇవి కుక్క నెత్తుటిలోని ఎఱ్ఱకణములను పాడుచేయును. ద్రాక్ష, కిస్‌మిస్, చాకొలేటు దానికి విషతుల్యములు. ఉడికిన కోడి యెముకలు సూదులవలె చీలి ప్రేగులలో గ్రుచ్చుకొనును. బక్రీదు మరునాడును, విందుల మరునాడును కుక్కలకు వాంతులు, విరేచనములు పట్టుట కొవ్వు తిండివలననే. అట్టి రాత్రి ఇల్లంతయు కడుగువారెవరో ముందే నిర్ణయించుకొనవలెను.

వెంట్రుకలు సంవత్సరమంతయు రాలును. ఒత్తైన రెండు పొరల బొచ్చు గల శీతల దేశపు జాతులను మన నలుబది డిగ్రీల యెండలలో పెంచుట వానికి హింస, మనకు శ్రమ. ముక్కు చప్పిడిగనున్న జాతులు ఊపిరికే కష్టపడును. కుక్క మనవలె ఒడలెల్ల చెమట పోయదు; రొప్పుటచేతనే వేడిని పోగొట్టుకొనును. రాజపాళయము, ముధోల్ వంటి స్వదేశ జాతులును, మన ఊరికుక్క పిల్లలును ఈ వాతావరణమునకు పుట్టినవి. అయితే వేటజాతులకు పరుగు కావలెను. రెండు గదుల అద్దె యింటిలో అవి సామాను కొరుకును.

ఆడకుక్క సాధారణముగ సంవత్సరమునకు రెండుసార్లు ఎదకు వచ్చును. సుమారు మూడు వారములు అది నిలుచును, రక్తస్రావము కనబడును, వీధిలోని మగకుక్కలన్నియు గేటు ముందు చేరును. గర్భము సుమారు అరువదిమూడు దినములు. ఒక్క యీతకు పుట్టిన ఐదారు పిల్లలను ఏమి చేయుదుమను ప్రశ్నకు జవాబు లేనివారు ముందుగనే శస్త్రచికిత్స చేయింపవలెను. గోనెసంచిలో పెట్టి మార్కెటు వెనుక వదలుట జవాబు కాదు.

5. ఇంటివారి సమ్మతి

మన కళాశాలలో రెండు భాషల, పెక్కు ఆచారముల కుటుంబముల విద్యార్థులు కలరు. హిందువుల యిండ్లలో మడి, ముస్లిముల యిండ్లలో తహారత్ – రెండును శుచిత్వమును గూర్చినవే. హనఫీ సంప్రదాయమున కుక్క లాలాజలము అశుద్ధము. అది నాకిన పాత్రను కడుగవలెను. కాపలాకును, పశువులకును, పంటకును, వేటకును కుక్కనుంచుకొనుట మాత్రము అనుమతింపబడినది. నమాజు చేయు అమ్మమ్మ గదిలోనికిని, పూజచేయు నాయనమ్మ గదిలోనికిని తడి ముక్కుతో పరుగెత్తు జంతువును తెచ్చుటకు ముందు వారిని అడుగవలెను. అడుగక తెచ్చినచో ప్రతిదినము గొడవయే. ఆ గొడవలో దెబ్బలు తినునది కుక్క.

పొరుగువారి సమ్మతియు అంత ముఖ్యము. ఉర్దూ హాస్యరచయిత పత్రస్ బుఖారీ 'కుత్తే' అను వ్యాసముతో కుక్కల అరుపులను నవ్వులపాలు చేసినాడు. చదువుటకు హాస్యమే. పరీక్ష ముందు రాత్రి ప్రక్కింటి విద్యార్థికి అది హాస్యము కాదు.

6. ఎవరు ఎత్తవలెను?

ఇప్పుడు మేము అన్నింటికంటె ముఖ్యమని తలచు విషయమునకు వచ్చితిమి. ఉదయమున మన వీధులలో కుక్కను నడిపించు పెద్దమనుష్యులను చూచుచున్నాము. కుక్క పరుల గుమ్మము ముందు కూర్చుండును. యజమాని ఆకాశము వైపు చూచును. పని ముగియగానే ఇద్దరును ముందుకు సాగుదురు. కొంతసేపటికి చీపురు పట్టుకొని పారిశుద్ధ్య కార్మికురాలు వచ్చును. ఇంటిలోనైనచో అమ్మయో, పనిమనిషియో వచ్చును.

మన సమాజమున మాలిన్యమును తీయు పని తరతరములుగ కొందరి నెత్తిన వేయబడినది. చదువుకొన్న మనము ఆ అన్యాయమును గూర్చి ఉపన్యాసములు విన్నాము, వ్యాసములు వ్రాసినాము. కుక్కను పెంచుట ఆ చదువునకు ప్రతిదిన పరీక్ష. ముద్దు మనది, మురికి ఇంకొకరిది అనువాడు కుక్కను ప్రేమించుట లేదు. కుక్కచేత మరియొకరి కష్టమును పెంచుచున్నాడు. ఒక పాత పత్రిక ముక్కయో, సంచియో జేబులో వేసికొని, వంగి, ఎత్తి, చెత్తకుండీలో వేయుటకు ఒక నిమిషము చాలు. ఆ నిమిషమునకు సిగ్గుపడువానికి గొలుసు పట్టుకొను హక్కు లేదని మా నిశ్చితాభిప్రాయము.

7. చివరి సంవత్సరములు

ముసలి కుక్క మరల పిల్లవంటిదగును. మూత్రము ఆగదు; కళ్లకు పొరలు వచ్చును; మెట్లెక్కలేదు; రాత్రులందు కారణము లేక అరచును. పిల్ల చేసినప్పుడు ముద్దుగ తోచిన పనియే ముసలిది చేసినప్పుడు విసుగు పుట్టించును. పెక్కు కుక్కలు వీధిపాలగునది జబ్బు చేసినప్పుడో, ఇల్లు మారినప్పుడో, ముసలితనముననో. ఇంటి తిండికి అలవాటుపడిన జంతువునకు వీధిలో బ్రతుకు తెలియదు.

చట్టము కూడ ఈ విషయమున స్పష్టముగ నున్నది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షను ప్రకారము ఆకలిదప్పులచే బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుట నేరము. ఎప్పుడును గొలుసుతో కట్టియుంచి వ్యాయామము లేకుండ చేయుటయు నేరమే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు పెంపుడు కుక్క టీకాల భారమును యజమానిమీదనే పెట్టినవి. ప్రాణులయెడ దయ కలిగియుండుట పౌరుని ప్రాథమిక విధియని 1976లో రాజ్యాంగమున చేరిన 51-ఏ అధికరణము చెప్పుచున్నది.

చట్టమునకంటె ముందే మన పెద్దలు ఈ మాట చెప్పియున్నారు. మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు తన వెంట నడచి వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనొల్లలేదు. ఖురాన్‌లో గుహవాసుల కథ యందు, గుహ వాకిట ముందు కాళ్లు చాచి పండుకొన్న కుక్క ప్రస్తావన కలదు. దప్పికతో తడిమన్ను నాకుచున్న కుక్కకు తన పాదరక్షతో బావినీరు తోడి పోసిన మనుష్యునకు దైవక్షమ లభించెనని హదీసు తెలుపుచున్నది. ఈ కథలలో కుక్క జాతి యేదో, రంగేదో చెప్పలేదు. నమ్మి వచ్చినదానిని విడువకుండుటయు, చేయి తడుపుకొని సేవ చేయుటయు చెప్పిరి.

8. పదునైదు దినముల పరీక్ష

సిద్ధముగ నున్నామో లేదో కుక్క లేకుండనే తెలిసికొనవచ్చును. విద్యార్థులు ఈ క్రింది పరీక్షను పదునైదు దినములు చేసి చూడవలెనని కోరుచున్నాము.

(అ) సెలవు దినమైనను, వాన కురిసినను, ఉదయము అయిదున్నరకు లేచి అరగంట నడువవలెను. సాయంకాలమును అట్లే.

(ఆ) ఇంటి స్నానపు గదిని, మరుగుదొడ్డిని, ముంగిటి కాలువను ప్రతిదినము స్వయముగ కడుగవలెను. అమ్మకు, పనిమనిషికి చెప్పరాదు.

(ఇ) ఒక రాత్రి రెండు గంటలకు అలారము పెట్టుకొని లేచి, నేల తుడిచి పండుకొని, మరునాడు మొదటి తరగతికి వేళకు పోవలెను.

(ఈ) దగ్గరి పశువైద్యశాలకు పోయి, టీకాల ఖర్చు, శస్త్రచికిత్స ఖర్చు, రాత్రివేళ వైద్యుడు దొరుకు చోటు కాగితముమీద వ్రాసికొనవలెను. నగరపాలక సంస్థ లైసెన్సు నిబంధనలను కూడ అడుగవలెను.

(ఉ) పరీక్షల దినములలో, ఊరికి పోయినప్పుడు, ఉద్యోగము వచ్చినప్పుడు కుక్కను చూచువారి పేరు వ్రాసి, ఆ కాగితమును వారికి చూపి ఒప్పుకోలు పొందవలెను.

పదునైదు దినములలో ఏడవనాడు విసుగు పుట్టినచో అందు సిగ్గుపడవలసినది లేదు. 'ఇప్పుడు కాదు' అని చెప్పగలుగుట కూడ జీవకారుణ్యమే. అట్టివారు వీధికుక్కకు వేసవిలో ఒక మట్టిచిప్పలో నీరు పెట్టవచ్చును. దాని టీకాకు, శస్త్రచికిత్సకు తోడ్పడవచ్చును. కుక్కగల మిత్రునకు ఒక సాయంకాలము సహాయపడవచ్చును. తొందరపడి తెచ్చి మూడవనెలలో విడిచినవానికంటె వీరు కుక్కలకు మేలు చేసినవారు.

పదునైదు దినములును గడచి, పదునారవనాడు కూడ తనంతట తానే చీపురు పట్టుకొన్నవాడు కుక్కను తెచ్చుకొనవచ్చును. అట్టివాని యింట కుక్క సుఖపడును, తల్లి సుఖపడును, వీధి శుభ్రముగ నుండును. విశ్వాసము కుక్క గుణమని లోకము చెప్పుచున్నది. ఆ గుణము గొలుసు రెండవ కొనను పట్టుకొన్నవానికిని ఉండవలెనని మేము కోరుచున్నాము.